కేసు షీటులో ‘మద్యం వాసన’: ఒక్క మాటతో పోతున్న హక్కులు

సెంట్రింగ్ పనిలో రెండో అంతస్తు నుంచి పడి కాలు విరిగిన ఒక కూలీ కేసు షీటును మేం ఈమధ్య చదివాం. మాదిగ వాడ మనిషి, నలభై ఏళ్లు దాటలేదు. షీటు పై భాగంలోనే ‘మద్యం వాసన ఉంది’ అని రాసి ఉంది. రక్తం తీసి పరీక్షించినట్టు లేదు. ఊపిరి పరీక్ష చేసినట్టూ లేదు. మాట తడబడిందా, స్పృహలో ఉన్నాడా, అడిగిన దానికి సరిగ్గా జవాబు చెప్పాడా అన్నది ఎక్కడా రాయలేదు. ఎన్ని గంటలకు పడ్డాడో, డాక్టరు ఎన్ని గంటలకు చూశారో కూడా లేదు. ఆ ఒక్క మాట మాత్రం ఆసుపత్రి గేటు దాటి కాంట్రాక్టరు దాకా వెళ్లింది. ‘తాగి పడ్డాడు, నాకేం సంబంధం’ అని ఆయన చేతులు దులుపుకున్నాడు.

‘‘వాసనొచ్చిందని రాసిండ్రు మేడమ్. ముందురోజు రాత్రి తాగిండు, నేను కాదంటలేను. పొద్దుగాల లేసి పనికి పోయిండు. పడ్డప్పుడు ఎంత ఎక్కి ఉండెనో ఎవరన్న సూసిండ్రా?’’ అని ఆయన భార్య మమ్మల్ని అడిగింది. ఆమె అడిగింది చట్టం అడిగే ప్రశ్న, వైద్యశాస్త్రం అడిగే ప్రశ్న కూడా. దానికి జవాబు కేసు షీటులో ఉండాలి. అక్కడ లేదు.

చట్టం ఏమంటోంది

చట్టం ప్రకారం పనిలో ప్రమాదం జరిగితే యజమాని పరిహారం ఇవ్వాలి. మత్తు పేరుతో ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది చాలా ఇరుకైన మినహాయింపు. కార్మికుడు చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం పాలైనా అది వర్తించదు. అప్పుడు తాగి ఉన్నాడని చెప్పి యజమాని తప్పించుకోలేడు. మిగతా గాయాల్లో కూడా ప్రమాదం నేరుగా మత్తు వల్లే జరిగిందని తేలాలి. మనిషి తాగి ఉండటం ఒక విషయం, తాగడం వల్లే పడటం వేరే విషయం. పరంజా కట్టు ఊడిపోతే, సేఫ్టీ బెల్టు ఇవ్వకపోతే చుక్క ముట్టనివాడు కూడా పడతాడు.

ఆచరణలో ఈ తేడా అంతా చెరిగిపోతోంది. ‘వాసన’ అన్న మాట ‘మత్తు’ అవుతుంది, మత్తు ‘కారణం’ అవుతుంది, కారణం దొరికాక విచారణ ఆగిపోతుంది. కాళ్లూ చేతులూ విరిగే గాయాల్లోనే ఈ మినహాయింపు పనికొస్తుంది కాబట్టి, సరిగ్గా అలాంటి కేసుల్లోనే ఆ మాట ఎక్కువ నష్టం చేస్తుంది.

అమెరికా రోగికి ఒక లెక్క, మన కూలీకి ఒక లెక్క

ఇక్కడ మనకు బాగా తెలిసిన ఇంకో సంగతి గుర్తు చేయాలి. హైదరాబాద్ మెడికల్ కోడింగ్‌కు పెద్ద కేంద్రం. అమీర్‌పేటలో ఆ కోర్సు నేర్పే బోర్డులు వరుసగా కనిపిస్తాయి. బీఎస్సీ, బీఫార్మసీ చదివిన మన వాడల పిల్లలు కూడా ఆ ఉద్యోగాల్లో ఉన్నారు. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి, ప్రతి జబ్బుకూ గాయానికీ ఐసీడీ-10 కోడ్ వేయడం వాళ్ల పని. ఆ కోడ్ మీదే బీమా కంపెనీ డబ్బు కట్టడం ఆధారపడి ఉంటుంది.

మద్యం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10 ఎలా విడదీసిందో చూడండి. తాగిన మత్తుకు ఎఫ్10.0, హాని కలిగించే వాడకానికి ఎఫ్10.1, మానలేని స్థితికి ఎఫ్10.2, మానేసినప్పుడు వచ్చే వణుకు, మూర్ఛ లాంటి లక్షణాలకు ఎఫ్10.3. ఆల్కహాల్ విషంగా మారితే టీ51. అందులో మళ్లీ మామూలు ఇథనాల్‌కు టీ51.0, కల్తీ సారాలో చంపే మిథనాల్‌కు టీ51.1. రక్తంలో ఆల్కహాల్ కనబడింది కానీ జబ్బు ఏమీ తేలలేదు అంటే ఆర్78.0. రక్తంలో ఎంత ఉందో చెప్పడానికి వై90 వరస విడిగా ఉంది. వంద మిల్లీలీటర్లకు 20 మిల్లీగ్రాముల లోపు అయితే వై90.0, 240 గానీ అంతకు మించి గానీ ఉంటే వై90.8. ఇది అదనపు కోడ్ మాత్రమే. అసలు జబ్బు కోడ్ స్థానంలో దీన్ని వేయకూడదు.

అమెరికా పద్ధతిలో కోడర్ తనంతట తాను నిర్ధారణ చేయకూడదు. ల్యాబ్ అంకె కనిపించినా, నర్సు నోట్‌లో ‘వాసన’ అని ఉన్నా, మత్తు అని డాక్టరు రాయనిదే మత్తు కోడ్ పడదు. రాసింది అస్పష్టంగా ఉంటే డాక్టరుకు ప్రశ్న పంపించాలి. రాయనిది జరగనట్టే అన్నది ఆ వృత్తిలో మొదటి పాఠం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10లో వై91 అనే ఇంకో వరస ఉంది. పరీక్ష లేనప్పుడు డాక్టరు కంటికి కనిపించిన మత్తు తీవ్రతను నమోదు చేయడానికి అది. ఊపిరిలో వాసన, ప్రవర్తనలో కొద్దిపాటి తేడా ఉంటే అది వై91.0, అంటే స్వల్ప మత్తు. అంతకు మించి అనాలంటే అదుపు తప్పిన నడక, కుదరని మాట, స్పందన లేకపోవడం లాంటివి చూసి రాయాలి. అంటే ప్రపంచం అంగీకరించిన పద్ధతిలో వాసన ఎంత బరువు మోయగలదో ముందే తేల్చారు. అన్నిటికన్నా కింది మెట్టు అది.

ఒహాయోలో పడిపోయిన మనిషి గురించి హైదరాబాద్‌లో మన పిల్ల రాత్రి షిఫ్టులో ఇంత జాగ్రత్తగా ఆలోచిస్తోంది. అదే నగరంలో ఆమె తండ్రి పరంజా మీంచి పడితే ‘వాసన ఉంది’ అని రాసి ఊరుకుంటున్నారు. మా అభ్యంతరం ఇదే.

వాసన వెనక దాగేది ప్రాణం

ఇది పరిహారానికి మాత్రమే సంబంధించిన గొడవ కాదు. వాసన అని రాసుకున్నాక వెతకడం ఆగిపోతుంది. తలకు దెబ్బ తగిలి లోపల రక్తం కారుతున్నవాడు మత్తుగా కనిపిస్తాడు. షుగర్ పడిపోయినవాడు తూలుతాడు, తడబడతాడు. షుగర్ విపరీతంగా పెరిగి కీటోన్లు చేరినవాడి ఊపిరిలో పండిన పండు లాంటి వాసన వస్తుంది. మూర్ఛ వచ్చి తేరుకుంటున్నవాడు అయోమయంగా ఉంటాడు. మే నెల ఎండలో ఉపాధి పనికి పోయి వడదెబ్బ తిన్నవాడూ అంతే. వీళ్లలో ఎవరైనా ఆ పూట ఒక గ్లాసు తాగి ఉండొచ్చు కూడా. ‘తాగి ఉన్నాడు, దిగేదాకా పడుకోనీ’ అని మూల మంచం మీద వదిలేస్తే తెల్లారేసరికి మనిషి ఉండడు.

మిథనాల్ ఇంకా ప్రమాదం. మొదట్లో మామూలు మత్తు లాగే ఉంటుంది. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారడానికి గంటలు పడుతుంది. ఆ తర్వాతే చూపు మసకబారడం, ఆయాసం, స్పృహ తప్పడం మొదలవుతాయి. ఫోమెపిజోల్ గానీ, ఇథనాల్ గానీ విరుగుడుగా ఇచ్చి, అవసరమైతే డయాలసిస్ చేస్తే బతికించవచ్చు. ఆ కొన్ని గంటలు కేసు షీటులో ‘తాగి వచ్చాడు’ అన్న మాట కింద గడిచిపోతే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది.

2024 జూన్‌లో తమిళనాడు కల్లకురిచ్చిలోని కరుణాపురంలో జరిగింది గుర్తుందా? మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది రోజు కూలీలు, అందులో దళితులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. మొదటి మరణాలు సారా వల్ల కాదని జిల్లా యంత్రాంగం మొదట ప్రకటించింది. తర్వాత ఆ మాట నిలవలేదు. 2022 మార్చిలో మన జంగారెడ్డిగూడెంలో వరసగా మనుషులు చనిపోయినప్పుడు నాటుసారా అని ప్రతిపక్షం, సహజ మరణాలని అసెంబ్లీలో ప్రభుత్వం వాదించుకున్నాయి. అలాంటి వాదన తీర్చాల్సింది రాజకీయ నాయకులు కాదు. మరణ కారణం రాసిన ధ్రువపత్రం తీర్చాలి. అయితే 2020లో దేశం మొత్తం మీద నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగిలిన మరణాలకు ఎవరు ఏ కారణం చెబితే అదే కారణం.

తెలంగాణలో కల్లు కథ కూడా ఇదే పాఠం చెబుతుంది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు జనం వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ వచ్చారు. పేరుకు అది కల్లు అలవాటు. శరీరం అలవాటు పడింది మాత్రం అందులో కలిపిన డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్, అల్ప్రజోలం లాంటి మత్తుమందులకు. ఐసీడీలో దానికి వరసే వేరు, ఎఫ్13. చికిత్సా వేరే. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు మళ్లీ ప్రాణాలు తీసింది. ఇలాంటివాళ్లను ‘మద్యం మత్తు’ ఖాతాలో వేస్తే నేరం కల్తీ చేసినవాడి మీద నుంచి తాగినవాడి మీదకు మారుతుంది.

మ్యాన్‌హోల్ దగ్గర, పోస్టుమార్టం బల్ల మీద

మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగి చనిపోయేవాళ్ల కులం ఏమిటో ఈ పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ కంపులోకి దిగడానికి ముందు కొందరు తాగుతారు. తాగకుండా దిగలేని పని అది. మనిషి చనిపోగానే కాంట్రాక్టరు నోట మొదట వచ్చే మాట ‘తాగి దిగాడు’. చంపేది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. ఐసీడీలో దానికి టీ59.6 అని సొంత కోడ్ ఉంది, పనికి సంబంధించిన స్థితి అని చెప్పడానికి వై96 ఉంది. ఇలాంటి మరణానికి కనీసం 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. వాయువు పేరు రికార్డులోకి ఎక్కక, మద్యం పేరు ఎక్కితే ఆ కుటుంబం ఏ కాగితం పట్టుకుని కోర్టుకు వెళ్లాలి?

పోస్టుమార్టంలో ఆల్కహాల్ దొరికినా జాగ్రత్తగా చదవాలి. మనిషి చనిపోయాక శవం కుళ్లే క్రమంలో సూక్ష్మజీవులు శరీరంలోనే ఆల్కహాల్ తయారు చేస్తాయి. వేసవిలో, శవం దొరకడం ఆలస్యమైనప్పుడు ఇది ఎక్కువ. రక్త నమూనాను సోడియం ఫ్లోరైడ్ వేయకుండా నిలవ ఉంచితే సీసాలోనూ అది జరుగుతుంది. అందుకే కంటి లోపలి ద్రవం నమూనా కూడా తీసుకోవడం మంచి పద్ధతి. బతికున్నవాడి రక్తం తీసేటప్పుడు చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడిస్తే అంకె మీదే అనుమానం వస్తుంది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల కేసుల్లో ఇదెంత కీలకమో ఆలోచించండి. 2016 నిబంధనల ప్రకారం హత్య కేసులో 8.25 లక్షల సాయంలో సగం పోస్టుమార్టం తర్వాత, మిగతా సగం చార్జిషీటు కోర్టుకు వెళ్లాక ఇవ్వాలి. గాయపడినవాళ్ల సాయం కూడా వైద్య నివేదికతో ముడిపడి ఉంది. కొట్టి చంపి పొలం గట్టున పడేసినవాళ్లకు ‘తాగి పడి చచ్చాడు’ అన్న వాదన సిద్ధంగా ఉంటుంది. గాయాల కొలతలు, వయసు, దిశ రాయకుండా వాసన ఒక్కటి రాసిన నివేదిక ఆ వాదనకు సాక్షి అవుతుంది.

కోర్టులు రెండు వైపులా

1971లో బచ్చూభాయి కార్యాని కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. రక్త, మూత్ర పరీక్ష లేకుండా వాసన, తూలే నడక, పెద్దవైన కనుపాపలు చూసి తాగాడని నిర్ధారించలేమంది. ప్రమాదంలో చిక్కుకున్న మనిషి ఆందోళన వల్ల కూడా తూలవచ్చని అందులో వైద్యుడే ఒప్పుకున్నాడు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కూడా వాసన గురించి మాట్లాడదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటిందా అని అడుగుతుంది.

అయితే 2021లో, ఢిల్లీలో ధ్వంసమైన ఒక పోర్షే కారు బీమా కేసులో అదే కోర్టు ఇంకో వైపు నిలబడింది. పరీక్ష జరగనంత మాత్రాన బీమా కంపెనీ ఓడిపోనక్కర్లేదని, ఆసుపత్రి రికార్డులో రాసిన వాసనను, ప్రమాదం జరిగిన తీరును కలిపి చూడొచ్చని చెప్పింది. ఖరీదైన కారు యజమాని పెద్ద వకీళ్లను పెట్టుకుని కూడా ఆ మాటను దాటలేకపోయాడు. సెంట్రింగ్ కూలీ ఎలా దాటతాడు? అందుకే కోర్టు మెట్ల దగ్గర కాదు, క్యాజువాలిటీ బల్ల దగ్గరే ఆ మాట సరిగ్గా పడాలి.

బీమాలో ఇంకో వైరుధ్యం ఉంది. ఆరోగ్య బీమా ప్రామాణిక మినహాయింపుల్లో 12వది మద్య వ్యసనం చికిత్సను, దాని పర్యవసానాలను పక్కన పెడుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాత్రం మద్యం దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. శారీరక జబ్బులకు ఇచ్చే ప్రాతిపదికనే వాటికీ బీమా ఇవ్వాలని సెక్షన్ 21(4)లో చెప్పింది. చట్టం జబ్బు అంటోంది, పాలసీ పాపం అంటోంది.

తాగుడును వెనకేసుకొస్తున్నారా?

ఈ ప్రశ్న మా వాడల నుంచే వస్తుంది. రావాలి కూడా. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలో ముందు నడిచినవాళ్లలో మన ఆడవాళ్లున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో దాదాపు 43 శాతం మద్యం తాగుతున్నారు. ఇళ్లు కూలుతున్నాయి, ఆడవాళ్లు దెబ్బలు తింటున్నారు. దీన్ని మేం దాచడం లేదు.

కానీ ఆ ఆడవాళ్లకు ‘వాసన ఉంది’ అన్న మాట ఏం ఇచ్చింది? మానలేని స్థితికి చేరినవాడికి ఎఫ్10.2 అని రాస్తే చికిత్సకు దారి ఉంటుంది. కాలు విరిగి వార్డులో చేరినవాడికి మూడో రోజు వణుకు, భ్రమలు మొదలైతే అది ప్రాణం తీయగలదు. థయమిన్ ఇంజెక్షన్, సరైన మందులు కావాలి. ముందే సరిగ్గా అడిగి రాసుకుని ఉంటే వార్డు సిద్ధంగా ఉండేది. వాసన అన్న మాట చికిత్సకు దారి తీయదు, నిందకే తీస్తుంది. పైగా ఆ మద్యం అమ్మకాల మీద ఆదాయం తీసుకునేది సర్కారే.

ఈ మాట ఎవరి షీటులో తేలిగ్గా పడుతుందన్నది కులానికీ వర్గానికీ సంబంధించిన విషయం. 2022లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక అధ్యయనంలో, శ్వేతజాతి రోగులతో పోలిస్తే నల్లజాతి రోగుల రికార్డులో ప్రతికూల వర్ణన పడే అవకాశం 2.54 రెట్లని చూపించారు. డాక్టర్లందరూ చెడ్డవాళ్లని దాని అర్థం కాదు. కిక్కిరిసిన క్యాజువాలిటీలో అలిసిపోయిన హౌస్ సర్జన్ కలం సమాజం ముందే రాసిపెట్టిన మాటను రాస్తుంది. మాసిన లుంగీ, వాడ పేరు, నల్లబడ్డ చేతులు చూడగానే ఆ మాట తయారుగా ఉంటుంది.

మేం అడిగేది

ఇవి కొత్త చట్టాలు కావాల్సిన పనులు కావు.

ఒకటి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మెడికో లీగల్ కేసుల్లో ‘వాసన’ అని రాస్తే, సమయం, స్పృహ స్థాయి, మాట, కళ్లు, నడక వివరాలు కూడా రాయడం తప్పనిసరి చేయాలి. రక్త నమూనా తీశారా, తీయకపోతే ఎందుకు తీయలేదో రాయాలి.

రెండు, మత్తుగా వచ్చిన ప్రతి మనిషికీ షుగర్ పరీక్ష, తల గాయం పరీక్ష ముందు జరగాలి. సారా, కల్లు చరిత్ర ఉంటే మిథనాల్, మత్తుమందుల అనుమానం కాగితం మీద ఉండాలి.

మూడు, ‘తాగి ఉన్నాడు’ అన్నదాన్ని, ‘తాగడం వల్లే జరిగింది’ అన్నదాన్ని డాక్టరు కలపకూడదు. రెండోది తేల్చాల్సింది విచారణ.

నాలుగు, డిజిటల్ ఆరోగ్య ఖాతాల్లోకి రికార్డులు ఎక్కుతున్న ఈ కాలంలో, పరీక్ష లేని మద్యం కోడ్ మనిషి వెంట జీవితాంతం రాకుండా సరిదిద్దుకునే హక్కు ఉండాలి.

వాడల్లో పనిచేసే సంఘాలకూ ఒక విన్నపం. ప్రమాదం జరిగిన రోజే కేసు షీటు నకలు అడగండి. 2002 వైద్య నియమావళి ప్రకారం, అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. వాసన అని ఉంటే, పరీక్ష ఏదని అదే రోజు రాతపూర్వకంగా అడగండి. కోడింగ్ నేర్చిన మన పిల్లలు ఈ కాగితాలు చదివి పెట్టగలరు. పగలు వాళ్లు నిద్రపోయే వేళ కావొచ్చు, అయినా ఒక గంట అడగండి.

ఆ సెంట్రింగ్ కూలీ భార్య పరిహారం కోసం అర్జీ పెట్టింది. ‘పడ్డప్పుడు ఎంత ఎక్కి ఉండెనో ఎవరన్న సూసిండ్రా’ అన్న మాటను ఆ అర్జీలో మేం మొదటి వాక్యంగా పెట్టాం. జవాబు చెప్పాల్సిన భారం ఇప్పుడు ఆమె మీద లేదు.